సైటు మారినా పాత వార్తల లింకులు బతకాలి

సంపాదకులకు నమస్కారం.

మన పత్రిక వెబ్‌సైటును ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ కడుతున్నారని తెలిసి సంతోషించాను. అది వర్డ్‌ప్రెసా, ద్రుపలా అన్నది మీ సాంకేతిక సిబ్బంది తేల్చుకుంటారు. నా బెంగంతా పాత వార్తల గురించే.

నేను తెలుగు వికీపీడియాలో (తెవికీలో) వ్యాసాలు రాస్తుంటాను. అక్కడ రాసినదానికి మూలం చూపాలి. నాకు దొరికే మూలాల్లో ఎక్కువ భాగం పత్రికల వార్తలే. ఆమధ్య ఒక పత్రిక (పేరు అనవసరం) సైటు మార్చింది. ఒక రంగస్థల నటుడి వ్యాసంలో నేనిచ్చిన మూలాలన్నీ ఆ పత్రికవే. ఇప్పుడు ఏ లింకు నొక్కినా తిన్నగా హోంపేజీకి పోతోంది. దానికన్నా 'పేజీ లేదు' అని 404 చూపించినా మేలే. వికీలో లింకులు సరిచూసే బాట్ (తనంతట తానే పనిచేసే ప్రోగ్రాము) దాన్ని పసిగట్టి, పాత వెబ్ పేజీల ప్రతులు దాచే వేబ్యాక్ మెషీన్‌లో పాత ప్రతి ఉంటే తెచ్చి తగిలిస్తుంది. హోంపేజీ తెరుచుకుంటే మాత్రం లింకు బాగానే ఉందనుకుని వదిలేసే ప్రమాదం ఉంది. ఆ నటుడి గురించి మరోచోట రాసినవాళ్లు లేరు.

కాబట్టి ప్రతి పాత చిరునామాకూ దాని కొత్త చిరునామా జత చేసి, 301 దారిమళ్లింపు (పాత లింకు నొక్కితే శాశ్వతంగా కొత్త పేజీకి పంపే ఏర్పాటు) పెట్టించండి. రెండు సాఫ్ట్‌వేర్లలోనూ ఇందుకు ఉచిత పనిముట్లున్నాయి. పాత సర్వర్ ఆపకముందే ఆ పట్టిక తయారుచేసుకోవాలి. ఆపేశాక ఏది ఎక్కడుండేదో చెప్పగలిగేవారుండరు.

కొత్త చిరునామాల్లో తెలుగు శీర్షిక పెట్టాలనుకుంటే ఇంకో చిక్కుంది. వర్డ్‌ప్రెస్ ఆ భాగానికి 200 అక్షరాల చోటే ఇస్తుంది. చిరునామాలోకి వెళ్లేసరికి ఒక్కో తెలుగు అక్షరం శాతం గుర్తులతో కలిపి తొమ్మిది అక్షరాలవుతుంది. గుణింతం గుర్తు, పొల్లు కూడా విడిగా లెక్కకొస్తాయి. 'స్త్రీ' అనే చిన్న మాటకే 54 అయిపోతాయి. శీర్షిక సగంలో తెగుతుంది, ఆ లింకు వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తుల చాంతాడే కనిపిస్తుంది. తేదీ, వార్త సంఖ్య ఉంటే చాలు. తర్వాత శీర్షిక దిద్దినా చిరునామా మారదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది యూనికోడ్‌కు (అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో వాడే ఉమ్మడి సంకేతాలకు) ముందరి వార్తల సంగతి. ఆ రోజుల్లో పత్రికలు సొంత ఫాంట్లు వాడేవి. వాటిలో అక్షరాలు కంటికి కనిపించే వరుసలో ఉండేవి. 'కి' ఒక ముక్క, రావత్తు ఇంకో ముక్క. యూనికోడ్‌లో వత్తు ముందు రావాలి, గుడి తర్వాత. వాటిని యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాము (కన్వర్టర్) ఈ వరుస సరిదిద్దకపోతే 'క్రికెట్' కాస్తా 'కి్రకెట్' అవుతుంది. అలాంటి వార్త సైటులో ఉన్నా వెతికేవాడికి దొరకదు. వేల పేజీలు ఒక్కసారిగా మార్చేసే ముందు, వత్తులు ఎక్కువున్న కొన్ని పేజీలను మీ ప్రూఫ్‌రీడర్ల చేత చదివించండి. ఈ తప్పులు వాళ్ల కంటికి చిక్కినంత తేలిగ్గా ప్రోగ్రామర్లకు చిక్కవు. మార్చాక కూడా పాత ఫైళ్లను చెరపకండి. రేపు ఇంతకంటే మంచి కన్వర్టర్ వస్తే మళ్లీ మార్చుకోవచ్చు.

మీ వాళ్లు రాసే కన్వర్టర్‌ను సోర్సుకోడుతో సహా అందరికీ ఇవ్వమని కూడా కోరుతున్నాను. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో అనే ఫ్రేమ్‌వర్క్ పుట్టింది అమెరికాలో, కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ అనే ఊళ్లో, ఒక పత్రికాఫీసులోనే. తమ సైట్ల కోసం రాసుకున్నదాన్ని 2005లో బయటికి వదిలారు. నేడు లోకమంతా వాడుతోంది. మీరు ఇతరుల సాఫ్ట్‌వేర్ ఉచితంగా తీసుకుంటున్నారు. మీ వాళ్లు రాసే కన్వర్టర్ బయటికొస్తే, పాత ఫాంట్లలో ఇరుక్కుపోయిన చిన్న పత్రికలూ వాటి సంచికలను బయటికి తీసుకోగలుగుతాయి. మార్చిన పేజీలు సరిచూడటానికి మనుషులు కావాలంటే తెవికీలో ఒక మాట వేయండి, నేను తప్పకుండా వస్తాను.

ఇట్లు,
ఒక తెవికీ వాడుకరి