కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది కార్యవర్గం సమయంలో సగానికి పైగా ఒక్క పనికే పోయింది. మన కాలనీ దిగువన, మూసీ ఒడ్డున ఉన్న మురుగునీటి శుద్ధి కేంద్రం ఆధునికీకరణ అది. అందుకే నివేదికలోనూ దానికే పెద్దపీట వేశాను. మూసీ పునరుజ్జీవన ప్రాజెక్టు, నది హద్దుల మార్కింగు గురించి చాలామంది అడుగుతున్నారు. దానికి వేరే సమావేశం పెట్టుకుందాం. ఇందులో కలిపితే రెండూ తేలవు.

2021లో రాష్ట్ర ప్రభుత్వం హైదరాబాద్ నగరంలో 31 కొత్త ఎస్‌టీపీలకు (మురుగునీటి శుద్ధి కేంద్రాలకు) సుమారు 3,866 కోట్ల రూపాయలు మంజూరు చేసి, కట్టే బాధ్యత నగర నీటి సరఫరా, మురుగునీటి సంస్థ అయిన జలమండలికి అప్పగించింది. వాటి మొత్తం సామర్థ్యం 1,259.5 ఎంఎల్‌డీ (ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు), అంటే రోజుకు దాదాపు 126 కోట్ల లీటర్లు. నగరంలో రోజూ పుట్టే మురుగు 1,650 ఎంఎల్‌డీ, శుద్ధి అవుతున్నది 772 ఎంఎల్‌డీ అని అప్పట్లో లెక్క చెప్పారు. ఏ సభలోనైనా వినబడేవి ఈ అంకెలే. ప్లాంటు ఎన్ని నీళ్ళు పట్టగలదో ఇవి చెబుతాయి గానీ, బయటికి వదిలే నీళ్ళలో ఏం మిగిలి ఉందో చెప్పవు. ఈ ఏడాది మనం పట్టుబట్టి అడిగింది ఈ రెండో సంగతే.

వదిలే నీటికి హద్దులు ఉన్నాయి. కేంద్ర పర్యావరణ శాఖ 2017 అక్టోబరు 13న ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం హైదరాబాద్ లాంటి నగరాల్లో బీఓడీ (నీటిలోని మాలిన్యాన్ని తినడానికి సూక్ష్మజీవులకు పట్టే ఆక్సిజన్; ఎంత ఎక్కువైతే నీళ్ళు అంత మురికి) లీటరుకు 20 మిల్లీగ్రాములు, నీటిలో తేలాడే నలుసులు 50 దాటకూడదు. నైట్రోజన్, ఫాస్ఫరస్‌ల ఊసు అందులో లేదు. 2019 ఏప్రిల్ 30న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ హద్దులు చాలవంటూ బిగించింది. బీఓడీ 10, నలుసులు 20, సీఓడీ (మాలిన్యాన్ని రసాయనాలతో విరగ్గొట్టడానికి పట్టే ఆక్సిజన్) 50, మొత్తం నైట్రోజన్ 10. చెరువుల్లోకి వదిలితే ఫాస్ఫరస్ 1 మించకూడదు. పాత ప్లాంట్లకూ ఇవే వర్తిస్తాయంది. కాగితం మీద 20 పదయింది, అంతే కదా అనిపిస్తుంది. ప్లాంటులో మాత్రం దానికి వేరే తొట్లు, వేరే బ్లోయర్లు (గాలి కొట్టే యంత్రాలు), వేరే కరెంటు బిల్లు కావాలి.

ఎందుకంటే మూసీ వెంట ఉన్న పాత పెద్ద ప్లాంట్లు (అంబర్‌పేట 339 ఎంఎల్‌డీ, నాగోల్ 172 ఎంఎల్‌డీ) యూఏఎస్‌బీ పద్ధతిలో కట్టినవి. గాలి తగలని తొట్టిలో మురుగు అడుగు నుంచి పైకి ఎక్కుతుంటే, మధ్యలో ఉన్న బురద పొరలోని సూక్ష్మజీవులు మాలిన్యాన్ని తిని మీథేన్ వదులుతాయి. కరెంటు పెద్దగా అక్కర్లేదు. ఆ రోజులకు అది తెలివైన ఎంపికే, నేను తప్పుపట్టను. కాకపోతే ఆ తొట్టి ఎంత బాగా నడిచినా బీఓడీని మూడింట రెండు వంతులకు కాస్త అటూ ఇటూగా తగ్గిస్తుంది. మిగతా భారం వెనకనున్న నీళ్ళకు గాలి కలిపే ఏరేటర్ల మీద, ప్లాంటులోని చెరువుల మీద పడుతుంది. అమ్మోనియానైతే అది ముట్టుకోనే ముట్టుకోదు. ప్రొటీన్లు విరిగి అమ్మోనియా ఇంకాస్త పెరుగుతుంది కూడా. సాయంత్రం గాలి తిరిగితే మన మేడల మీదికి వచ్చే కుళ్ళిన గుడ్ల కంపు కూడా ఇలా గాలి లేని చోట పుట్టే హైడ్రోజన్ సల్ఫైడే.

నైట్రోజన్ మీద ఇంత పట్టుదల ఎందుకని ఒక సభ్యుడు అడిగారు. నదిలో గుర్రపుడెక్క అంత దట్టంగా పెరిగేది దాన్ని తినే. దాని నీడలో క్యూలెక్స్ దోమ పెరుగుతుంది. (డెంగీ దోమ వేరు. అది మన నీళ్ళ డ్రముల్లో పెరుగుతుంది, దానికి మూసీని తిట్టి లాభం లేదు.) నీళ్ళు కాలనీ దాటిపోతే మనకేమిటని ఇంకొకరు అన్నారు. పీర్జాదిగూడ వైపు ఆ నీళ్ళతోనే పారాగడ్డి పెంచుతారు, అది నగరంలోని గేదెలకు మేత. ఇంకా కిందికి కత్వల (చిన్న ఆనకట్టల) మీదుగా వరిపొలాలకు పారి, మిగిలింది వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

మన ప్లాంటులో కొత్తగా పెడుతున్నది ఎస్‌బీఆర్ పద్ధతి. వంటంతా ఒకే గిన్నెలో చేసినట్టు, నింపడం, గాలి కొట్టడం, బురద తేర్చడం, పైనీళ్ళు వంచేయడం అన్నీ ఒకే బేసిన్‌లో (పెద్ద తొట్టిలో) వంతులవారీగా జరుగుతాయి. ఒక కిలో అమ్మోనియా నైట్రోజన్‌ను నైట్రేటుగా మార్చడానికి నాలుగున్నర కిలోలకు పైగా ఆక్సిజన్ పడుతుంది. ఆ తర్వాత గాలి ఆపేస్తే సూక్ష్మజీవులు నైట్రేటులోని ఆక్సిజన్‌నే వాడుకుని, నైట్రోజన్‌ను వాయువుగా వదిలేస్తాయి. అంటే గాలి కొట్టడం ఎంత ముఖ్యమో, సమయానికి ఆపడమూ అంతే ముఖ్యం. మన ఊళ్ళో మురుగు ఏడాది పొడవునా గోరువెచ్చగా ఉంటుంది కాబట్టి ఈ సూక్ష్మజీవులకు చలిదేశాల కష్టాలు లేవు. ఉన్న కష్టం కరెంటే. ఇలాంటి ప్లాంటులో సగం వరకు బిల్లు బ్లోయర్లదే.

సభ్యుల బృందాన్ని ప్లాంటుకు తీసుకెళ్ళాం. అందరూ ఎక్కువసేపు నిలబడిపోయింది బేసిన్ల దగ్గర కాదు, మొదట్లో ఉండే జల్లెడల దగ్గర. డైపర్లు, షాంపూ ప్యాకెట్లు, దేవుడి పూలు, చీర ముక్కలు, కొబ్బరి పీచు గుట్టగా పడి ఉన్నాయి. "ఇవి తీయడానికే షిఫ్టులో ఒక మనిషి కావాలమ్మా" అన్నారు ఆపరేటరు. వానొస్తే ఏమవుతుందని అడిగితే, "వాన నీళ్ళు ఒక్కసారి వచ్చి పడితే బేసిన్‌లో బురద నిలవదు, నీళ్ళతోపాటు కొట్టుకుపోతది. మళ్ళీ పెంచుకోవాలంటే రోజులు పడుతుంది" అన్నారు.

ఆ మాటతో మనకో పని దొరికింది. మేడ మీది వాన పైపును మ్యాన్‌హోల్‌లో కలిపిన ఇళ్ళు మన కాలనీలో చాలానే ఉన్నాయి. కింది వీధివాళ్ళు అడగ్గానే పైపులు మార్చి ఇంకుడు గుంతలకు తిప్పుకున్నారు. పై వీధిలో కొందరు "ముందు ప్లాంటు సరిగ్గా నడిపించమనండి" అంటున్నారు. వాళ్ళ వాదనలో కొంత నిజముంది. అయినా నాలుగంగుళాల పైపు మార్చడానికి ప్లాంటు కోసం ఆగాలా అన్నది నా ప్రశ్న.

సమాచార హక్కు చట్టం కింద ఏడాది ఫలితాలు అడిగాం, వచ్చాయి. పట్టికలో పీహెచ్, బీఓడీ, నలుసులు, కోలిఫామ్ (మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా) ఉన్నాయి. నైట్రోజన్ గడి లేదు. 2017 నోటిఫికేషన్‌లో ఉన్నవే ఆ పట్టికలోనూ ఉన్నాయి. మనమే ఒక సీసా నీళ్ళు పట్టి పరీక్ష చేయిద్దామని యువ సభ్యులు పట్టుబట్టారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. పొద్దున ఆరింటి నీళ్ళకూ పదకొండింటి నీళ్ళకూ పొంతన ఉండదు. రోజంతా గంటగంటకూ పట్టి, కలిపి, మంచులో పెట్టి పంపాలి. బీఓడీ పరీక్షకే 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు పడుతుంది. ఒక్క సీసాతో మనం చెప్పే అంకెను ఎవరైనా ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. దాని బదులు, ప్లాంటు గేటు దగ్గర బోర్డు పెట్టి మొత్తం నైట్రోజన్‌తో సహా నెలవారీ సగటులు రాయాలని అర్జీ ఇచ్చాం. జవాబు రావలసి ఉంది.

ఇతర కార్యక్రమాలు: మట్టి వినాయకుడితో నవరాత్రులు, బతుకమ్మ, కంటి పరీక్షల శిబిరం జరిగాయి. పార్కు గోడ పూర్తయింది. వీధిదీపాలు రెండో లైనులో ఇంకా వెలగలేదు. ఆడిటరు సంతకం చేసిన జమాఖర్చులు కార్యాలయం నోటీసు బోర్డులో ఉన్నాయి. సందేహాలుంటే కోశాధికారిని అడగండి.

సర్వసభ్య సమావేశం ముందుకు రెండు తీర్మానాలు వస్తాయి. కొత్తగా కట్టే ఇళ్ళ వాన పైపులు మురుగు లైనులో కలపకూడదన్నది ఒకటి. బోర్డు అర్జీపై సభ్యులందరి సంతకాలతో కాలుష్య నియంత్రణ మండలికి కూడా లేఖ పంపడం రెండోది. ప్లాంటు చూడదలచిన రెండో బృందంవారు పేర్లు కార్యాలయంలో ఇవ్వండి. చెప్పులతో రానివ్వరు, బూట్లు తప్పనిసరి. చిన్న పిల్లల్ని తీసుకురావద్దు, బేసిన్ల అంచున రెయిలింగు పని ఇంకా సాగుతోంది.

ఇట్లు,
కార్యదర్శి