నాలుగో స్థానం గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన శనివారం పద్యాల పోటీలో మన తెలుగు బడి నలుగురు పిల్లల జట్టుకి నాలుగో స్థానం వచ్చింది. ఆ సాయంత్రం నుంచి వాట్సాప్ గ్రూపులో నడుస్తున్నదంతా నేనూ చదువుతున్నాను. ఎవరి వల్ల పోయింది, ఎవరిని తీసేయాలి, బాగా చదివే పాపని ఒక్కదాన్నే పంపి ఉంటే మొదటి బహుమతి వచ్చేది కదా అని రాత్రి పదకొండున్నరకి కూడా మెసేజ్‌లు పెట్టారు. ఆ గ్రూపు మీ ఫోన్లలో పిల్లలూ చూస్తారని దయచేసి గుర్తుంచుకోండి. పార్కింగ్‌లో ఒక బాబుని అందరి ముందూ నిలదీయడం నా కళ్లారా చూశాను. చాలా బాధ వేసింది.

అసలు జరిగింది ఇది. మనవాళ్లు చదివింది మత్తేభ పద్యం. దాంట్లో పాదానికి 20 అక్షరాలు, 14వ అక్షరం దగ్గర యతి. మనవాళ్లు మొదటి రెండు పాదాలు ఒకే గొంతుతో చదివారు. మూడో పాదంలో ఇద్దరు యతికి ముందు ఊపిరి తీసుకున్నారు, ఇద్దరు తరవాత. అక్కడ చెదిరింది. ఉచ్చారణలో ఒక్క తప్పు లేదు. నాలుగు వారాల సాధనలో నలుగురూ కలిసి నిలబడింది రెండే వారాలు. ఒక వారం పుట్టినరోజు, ఒక వారం లెక్కల ట్యూషన్. రెండూ ముఖ్యమే, కాదనను. కానీ ఆ రెండు వారాలూ గుర్తుంటే "ఎవరి వల్ల" అనే ప్రశ్న పిల్లల్ని అడగం.

మర్నాడు ఆదివారం తరగతిలో "నాకు నచ్చిన మనిషి" అన్న అంశం మీద మాట్లాడటం ఉంది. ఆ నలుగురిలో ఒకరైన పన్నెండేళ్ల పాప లేచి, కాగితం చూడకుండా, న్యూజీలాండ్ తరఫున కయాక్ అనే సన్నటి పడవ నడిపే డేమ్ లీసా కారింగ్టన్ గురించి మంచి తెలుగులో చెప్పింది. పడవ నడిపే దాన్ని ఏమంటారో రాజమండ్రిలో ఉన్న అమ్మమ్మకి ఫోన్ చేసి అడిగిందట. "తెడ్డు" అన్నారట ఆవిడ. వంటింట్లో కలిపే తెడ్డూ, గోదావరి మీద పడవ తెడ్డూ ఒకే మాట అని తెలిసి ఆ పిల్ల ముఖంలో కనిపించిన సంతోషం మీరు చూడాల్సింది!

లీసా ఓహోపె సముద్రతీరంలో పెరిగిన మావోరి అమ్మాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళల 200 మీటర్ల సింగిల్ కయాక్ పోటీని మొదటిసారి పెడితే ఆ స్వర్ణం తనే గెలిచింది. రియోలో మళ్లీ గెలిచింది, టోక్యోలో మళ్లీ. రియోలో 500 మీటర్లలో కాంస్యం దగ్గర ఆగింది, టోక్యోలో దాన్నీ స్వర్ణం చేసింది. పారిస్ వచ్చేసరికి ఆ 200 మీటర్ల పోటీనే ఒలింపిక్స్ నుంచి తీసేశారు. అయినా 2024లో మూడు స్వర్ణాలు తెచ్చింది. మొత్తం ఎనిమిది స్వర్ణాలు, ఒక కాంస్యం.

మా పాప వీటితో ఆగలేదు. టోక్యోలో లీసా మూడు స్వర్ణాలు గెలిచింది కదా, అక్కడే నలుగురు కూర్చునే కె-4 పడవలో కూడా పోటీ చేసింది, ఆ పడవకి నాలుగో స్థానం వచ్చింది అని చెప్పి, మిగతా ముగ్గురి వైపూ చూసింది. లీసా ఒక్కర్తే నడిపితే ప్రపంచంలో తిరుగులేని మనిషి. ఇక కె-4 జోలికి పోకపోయినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. మూడేళ్ల తరవాత పారిస్‌లో మళ్లీ అదే పోటీలో దిగింది. టోక్యో పడవలో తనతో ఉన్న అలీషా హాస్కిన్ ఈసారీ ఉంది, ఒలీవియా బ్రెట్, టారా వాన్ కొత్తగా కలిశారు. పారిస్‌లో ఆమె మొదటి స్వర్ణం ఆ పడవలోనే వచ్చింది.

కె-4లో ముందు కూర్చున్నవారి లయని వెనక ముగ్గురూ పట్టుకోవాలి. నాలుగు తెడ్లూ ఒకేసారి నీళ్లలో దిగాలి, ఒకేసారి లేవాలి. ఒక్కరు ఎక్కువ బలంగా, కాస్త ముందుగా వేసినా పడవ వేగం పోతుంది. పద్యం కలిసి చదవడం కూడా అచ్చంగా ఇదే, ఇరవై ఏళ్లుగా నేను మొత్తుకుంటున్నది ఇదే! ఒక్కడే చదివే పిల్లవాడు తన గొంతు మాత్రమే వింటాడు. నలుగురితో చదివితే పక్కవాడి ఊపిరి వినడం నేర్చుకుంటాడు. గొంతు పెద్దగా ఉన్న పాప తగ్గుతుంది, బిడియపడే బాబు పెరుగుతాడు. ఇక్కడ పుట్టి, ఇంట్లో ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్లలు నలుగురు కలిస్తే ధైర్యంగా తెలుగులో నోరు తెరుస్తారు. ఈ బడిలో నేనున్నంతకాలం సామూహిక పఠనం ఆగదు.

మిగతా విషయాలు: టర్మ్ ఫీజు, లైబ్రరీ పుస్తకాలు ఈ నెలాఖరులోపు ఇవ్వండి. సెప్టెంబరు చివరి ఆదివారం గడియారం గంట ముందుకి జరుగుతుంది, తరగతి మాత్రం పదింటికే. హోంవర్క్ పిల్లల చేత రాయించండి. అమ్మల దస్తూరి చాలా అందంగా ఉంది, నేను గుర్తుపట్టగలను.

వచ్చే పోటీకి ఈ నలుగురే వెళ్తారు, ఇదే మత్తేభం చదువుతారు. సాధన ఆదివారం తొమ్మిదింటికి. నలుగురినీ పంపండి, నీళ్ల సీసాతో.

మీ ప్రధానోపాధ్యాయురాలు,
ఆక్లండ్