తమ్ముడి పంపులో పోయవలసిన ద్రవం గురించి

ఎడ్మంటన్, కెనడా

చిరంజీవి తమ్ముడికి,

అన్న ఆశీస్సులు. మేమంతా ఇక్కడ క్షేమం.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే కంప్యూటరు ఎండాకాలంలో వేడెక్కి ఆగిపోతున్నదని, దాన్ని ద్రవంతో చల్లబరచడానికి పంపు, గొట్టాలు, రేడియేటరు నీవే అమర్చుకుంటున్నావని నీ ఉత్తరంలో చదివి సంతోషించాను. కానీ అందులో పోయాలని నీవు అనుకుంటున్న బోరు నీళ్లు, ట్రాన్స్‌ఫార్మర్ నూనె, కారు కూలెంటు, ఈ మూడింటిలో ఏదీ ఉన్నదున్నట్టుగా పోయవద్దు.

బోరు నీళ్లు కాగిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుందని అమ్మను అడిగినా చెబుతుంది. అదే పొర, ప్రాసెసరు వేడిని నీటికి అందించేందుకు దాని మీద బిగించే రాగి దిమ్మెలోని సన్నని సందుల్లో కడితే నీరు పారే దారి మూసుకుపోతుంది. తాగే క్యాన్ నీళ్లలోనూ లవణాలు తగ్గుతాయే గాని పూర్తిగా పోవు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరే నీకు కావలసినది.

మోటారు వైండింగ్ దుకాణంలో నీకు చెప్పినట్టు ట్రాన్స్‌ఫార్మర్ నూనె కరెంటును పారనివ్వదన్నది నిజమే. అయితే ఒక కిలో నూనె మోయగలిగే వేడి, అంతే నీరు మోసే దానిలో సగం కూడా ఉండదు. పైగా చిక్కదనం వల్ల చిన్న పంపు దాన్ని తోయలేక అలసిపోతుంది, కొన్ని రకాల రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి.

ఇక కూలెంటు. మా ఊళ్లో చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు కింద 30 డిగ్రీల దాకా పడిపోతుంది కనుక, కార్లలో గ్లైకాల్ (నీరు గడ్డకట్టకుండా కలిపే ద్రవం), నీరు సగం సగం పోస్తారు. ఆ మిశ్రమం సుమారు సున్నాకు కింద 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. మీ హనుమకొండలో ఆ భయమే లేదు. ఆ పాళ్లలో పోస్తే వేడి మోసే శక్తి కొంత తగ్గడం పెద్ద నష్టం కాదు గాని, చిక్కదనం నీటికంటే మూడు నాలుగు రెట్లు పెరగడం నీ పంపుకు భారమవుతుంది. నీకు అక్కరకు వచ్చేది గ్లైకాల్ కాదు, కూలెంటులో కలిపే తుప్పు నిరోధకం. ఎందుకంటే ప్రాసెసరు మీది దిమ్మె రాగిది, పాత కారు నుంచి తెచ్చిన నీ రేడియేటరు బహుశా అల్యూమినియంది; ఈ రెండు లోహాలు ఒకే నీటిలో ఉంటే అల్యూమినియం క్రమంగా తుప్పుపట్టి తరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటరు మొదట కరెంటును దాదాపు పారనివ్వకపోయినా, తిరిగేకొద్దీ లోహాల నుంచి అయాన్లను (విద్యుదావేశం ఉన్న కణాలను) పట్టుకొని కరెంటును పారనిస్తుంది. దాన్ని నమ్ముకొని లీకేజీని ఉపేక్షించకు.

కాబట్టి ముందు రేడియేటరు అంచును చాకుతో కొద్దిగా గీసి చూడు. ఎర్రగానో పసుపుగానో కనిపిస్తే రాగి లేదా ఇత్తడి, తెల్లగా ఉంటే అల్యూమినియం. రాగి, ఇత్తడివైతే లోపల బాగా కడిగి, డిస్టిల్డ్ వాటరులో కంప్యూటర్ల కోసమే అమ్మే తుప్పు నిరోధకం, నాచు నిరోధకం సీసా మీద రాసిన పాళ్లలో కలుపు. అల్యూమినియమైతే దాన్ని పక్కన పెట్టి, పాత ట్రాక్టర్ల రాగి రేడియేటరు పాత సామాను దుకాణాల్లో వెతకమనే నా సలహా. అదీ దొరకకపోతే అల్యూమినియానికి తగినదని రాసి ఉన్న కూలెంటును, గ్లైకాల్ 25 నుంచి 30 శాతం ఉండేటట్టు డిస్టిల్డ్ వాటరుతో పలుచన చెయ్యి. ఇంకా పలుచన చేస్తే నిరోధకం చాలదు, సూక్ష్మజీవులు కూడా పెరుగుతాయి.

కూలెంటు కొనేటప్పుడు ఇథిలీన్ గ్లైకాల్ ఉన్నది తీసుకోకు. అది తియ్యగా ఉండే విషం, ఇంట్లో పాప తిరుగుతుంది. దానికంటే ప్రొపిలీన్ గ్లైకాల్ చాలా సురక్షితం. ఏదైనా సరే, తాగే నీళ్ల సీసాలో పోసి ఉంచవద్దు.

కంప్యూటరుకు కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కటే ఒక రోజంతా నడిపించి, గొట్టాల అతుకుల కింద పాత న్యూస్‌పేపరు పరిచి చూడు. ఇంకొక మాట: ఏ ద్రవం పోసినా దాన్ని గదిగాలి కంటే చల్లగా చేయడం రేడియేటరుకు సాధ్యం కాదు. మధ్యాహ్నం గదిలో 40 డిగ్రీలుంటే నీరు అంతకు కొంచెం పైనే ఉంటుంది, కనుక కూలరు కూడా ఆ గదిలోనే పెట్టు.

ఏమైనా కొనేముందు గీసి చూసిన రేడియేటరు ఫోటో పంపించు. బాపుకు, అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ అన్న