ఆ రోజుల్లో నాకు ఫోన్ చేసిన అక్కకు

ఇది నేను 2020లోనే రాయాల్సిన పోస్టు. అప్పుడు సిగ్గేసింది. మనసు బాగోలేదని నలుగురిలో చెప్పుకుంటే ఏమనుకుంటారోనని భయపడ్డాను. ఇప్పుడా భయం లేదు.

ఆ ఏడాది మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. కొద్ది రోజులకే నేను పాఠాలు చెప్పే చిన్న ప్రైవేటు స్కూలు మూతపడింది. మొదటి నెల సగం జీతం ఇచ్చారు, ఆ తర్వాత అదీ లేదు. మా ఆయన డ్రైవరు. బండి కదిలితేనే డబ్బు. ఇంట్లోంచే పని చేసుకునే ఉద్యోగాలున్న వాళ్లకీ భయం ఉంది, కాదనను. కానీ మాకు జబ్బు వస్తుందేమోనన్న భయం ఒకటైతే, రాకపోయినా ఎలా బతకాలన్నది ఇంకొకటి.

నిద్ర పట్టేది కాదు. రాత్రి రెండింటికి లేచి కూర్చుని బాకీలు లెక్కేసుకునేదాన్ని. గుండె దడదడలాడేది. పిల్లలిద్దరికీ కలిపి ఒకటే ఫోను. పెద్దాడి ఆన్‌లైన్ క్లాసు అయ్యేసరికి చిన్నదాని క్లాసు అయిపోయేది. ఊరందరి పిల్లలకీ చదువు చెప్పిన నేను నా పిల్లల్ని చదివించుకోలేకపోతున్నానని కుమిలిపోయాను. ఆ టెన్షన్‌లో వాళ్ల మీదే అరిచేదాన్ని.

నాతో పనిచేసిన ఒక టీచరు, నేను వద్దంటున్నా వినకుండా, తనకు తెలిసిన, మనసు బాగోలేని వాళ్లకు కౌన్సెలింగ్ ఇచ్చే అక్క నంబరు ఇచ్చింది. మనసు గురించే ఏవో ప్రశ్నలు అడుగుతారనుకున్నాను. ఆమె మొదట అడిగింది, "అద్దె ఎన్ని నెలలు బాకీ ఉందమ్మా?" అని. ఆ మాటకే ఏడ్చేశాను. అప్పటిదాకా అందరూ ధైర్యంగా ఉండమన్నవాళ్లే గానీ, ధైర్యం ఎందుకు పోయిందో అడిగినవాళ్లు లేరు.

ఆమె నాచేత ఒక కాగితం మీద రాయించారు. నేను చేయగలిగినవి ఒకవైపు, నా చేతిలో లేనివి రెండోవైపు. చేయగలిగిన వాటిలో మొదటిది ఇంటి ఓనరుగారితో మాట్లాడటం. నాలుగు రోజులు వెనకాడి, చివరికి అడిగాను. "స్కూలు తెరిచాక కొంచెం కొంచెంగా ఇవ్వమ్మా" అన్నారాయన. ఆ రాత్రి తెల్లవారేదాకా నిద్రపోయాను. మందులు అవసరమైన వాళ్లు డాక్టరు చెప్పినట్టు వాడాల్సిందే. నాకు మాత్రం ఆ రోజు పనిచేసిన మందు ఆయన ఇచ్చిన గడువే.

మహమ్మారి మొదటి ఏడాదిలో ప్రపంచమంతటా ఆందోళన, డిప్రెషన్ 25 శాతం పెరిగాయని, ఆడవాళ్లూ యువతే ఎక్కువగా నలిగారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. 2020లో దాదాపు 7 కోట్ల మంది కొత్తగా కటిక పేదరికంలోకి జారారని ప్రపంచ బ్యాంకు లెక్క. ఈ రెండు లెక్కల్నీ విడివిడిగా చదవడం నావల్ల కాదు. నిద్రపోని వాళ్లలో ఎంతమంది నాలాగే అద్దె గురించి ఆలోచిస్తూ కూర్చున్నారో.

తన పాత ఫోను మా చిన్నదానికి ఇచ్చిన టీచరుకు, గడువిచ్చిన ఓనరుగారికి, నాలుగు నెలలపాటు వారానికి రెండుసార్లు ఫోన్ చేసిన అక్కకు నా కృతజ్ఞతలు.

అక్కా, ఆ కాగితం ఇంకా నా బీరువాలో ఉంది. మొదటి వైపున్నవన్నీ ఒక్కొక్కటిగా కొట్టేశాను. అద్దె బాకీ పూర్తిగా తీరిన రోజు మీకు ఫోన్ చేశాను, గుర్తుందా? ఆ ఏడుపులో థాంక్స్ చెప్పడమే మర్చిపోయాను. ఇవాళ చెబుతున్నాను.