దసరాకి బండి ఇవ్వగలనా అని అడుగుతున్నవాళ్ళందరికీ

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో మన షెడ్డుకి అంబాసిడర్, పద్మినీ లాంటి పాత కార్లు తెచ్చే కస్టమర్లందరికీ ఒకేసారి చెప్పేద్దామని రాస్తున్నాను. ఒక్కొక్కరికీ ఫోన్లో చెబుతూ కూర్చుంటే చేతిలో పని ఆగిపోతోంది.

ముందు అసలు సంగతి. షెడ్డులో ఉన్న బళ్ళన్నీ విజయదశమి పూజకి ఇవ్వలేను. సర్వీసింగుకి వచ్చినవి ఇచ్చేస్తాను. "స్టార్ట్ అవ్వట్లేదు" అని లాక్కొచ్చినవాటికి మాత్రం మాట ఇవ్వను. రేపు ఎల్లుండి అని తిప్పుకోవడం నాకు చేతకాదు, మీకూ మర్యాద కాదు. బండికి పూజ మీ ఇంటి దగ్గరే చేసుకోవాలనుంటే తోయించి పంపిస్తాను, నిమ్మకాయలు తొక్కించి మళ్ళీ పంపండి.

రెండోది కొందరికి నచ్చదు. దసరా తర్వాత నుంచి స్టార్ట్ అవ్వని బండిలో లోపం వెతికినందుకు విడిగా 1,200 రూపాయలు తీసుకుంటాను. రిపేరు ఇక్కడే చేయించుకున్నా అందులోంచి తగ్గించను. లోపం దొరక్కపోతే పైసా అడగను.

ఎందుకంటే, ఈ మధ్య గుడివాడ వైపు నుంచి ఒక పెట్రోలు అంబాసిడర్ వచ్చింది. సెల్ఫ్ కొడితే ఇంజన్ చక్కగా తిరుగుతుంది కానీ అందుకోదు. మా దగ్గరికి వచ్చేసరికే బ్యాటరీ కొత్తది, ప్లగ్గులకి నిప్పు పుట్టించే కాయిల్ కొత్తది, ప్లగ్గులు కొత్తవి, పెట్రోలు పంపు కూడా కొత్తదే. అన్నీ మార్చారు, బండి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ఓనరు గారు అప్పటికే పెట్టిన ఖర్చు విని నాకే కష్టంగా అనిపించింది.

కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ (ఒక్కో ప్లగ్గుకీ వంతులవారీగా కరెంటు పంచేది) మూతకి వెళ్ళే లావు వైరు ఊడదీసి, ఇంజన్ ఇనుముకి కొద్ది ఎడంగా పెట్టి సెల్ఫ్ కొట్టించాను. నీలం నిప్పు టక్ టక్మని దూకాలి. ఏమీ లేదు. అంటే పెట్రోలు గొడవ తర్వాత, ముందు కరెంటు సంగతి చూడాలి. టెస్ట్ ల్యాంపు ఒక కొస ఎర్తుకి, అంటే ఇంజన్ ఇనుముకి, ఇంకో కొస కాయిల్ మీద డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్ళే టెర్మినల్‌కి పెట్టి మళ్ళీ సెల్ఫ్ కొట్టించాను. పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్ లోపలి చిన్న స్విచ్చు) తెరుచుకున్నప్పుడు లైటు వెలగాలి, మూసుకున్నప్పుడు ఆరాలి. అంటే ఇంజన్ తిరుగుతున్నంతసేపూ మిణుకు మిణుకుమనాలి. ఇక్కడ వెలిగింది వెలిగినట్టే ఉండిపోయింది. కాయిల్ దాకా కరెంటు వస్తోంది, పాయింట్ల గుండా ఎర్తుకి మాత్రం దిగట్లేదన్నమాట. ఇంతవరకూ చూస్తే కాయిల్ మార్చక్కర్లేదని, పంపు జోలికి అసలే వెళ్ళక్కర్లేదని తేలిపోయేది.

మూత తీస్తే పాయింట్లు అద్దంలా ఉన్నాయి, ఎవరో శుభ్రంగా గీకారు. మిగిలింది డిస్ట్రిబ్యూటర్ పక్క టెర్మినల్ నుంచి పాయింట్లకి వెళ్ళే బెత్తెడు తీగ. చూడ్డానికి నిక్షేపంగా ఉంది, పైన తొడుగు ఎక్కడా చిట్లలేదు. ముక్కు కటింగ్ ప్లేయరుతో మెల్లగా లాగితే సాగింది. లోపల రాగి ఉన్న తీగ సాగదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఇంజన్ పీల్పు (వాక్యూమ్) పాయింట్లు కూర్చున్న ప్లేటుని అటూ ఇటూ తిప్పుతుంది, ప్లేటుతో పాటు ఆ తీగా ఊగుతుంది. అన్నేళ్ళు ఊగి ఊగి లోపలి పోగులన్నీ తెగిపోయాయి, తొడుగు ఒక్కటే మిగిలింది. అక్కడ మామూలు వైరింగు తీగ వేయకూడదు, బిరుసుకి ప్లేటు తిరగదు, తీగా నిలవదు. సన్న పోగుల మెత్తటి తీగ టంకం పెట్టి వేసి, పాయింట్ల గ్యాపు పదిహేను థౌ (అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను) పెట్టాను. సెల్ఫ్ కొట్టగానే అందుకుంది.

ఆ తీగ ఖరీదు చెబితే నవ్వుతారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. కొత్త పార్టు డబ్బా చూపిస్తే కస్టమరు డబ్బులిస్తాడు. పూటంతా వెతికి బెత్తెడు తీగ మార్చానంటే "ఈమాత్రం దానికా?" అంటాడు. అందుకే ఊళ్ళో మెకానిక్కులు వెతకడం మానేసి మార్చడం మొదలుపెట్టారు. వాళ్ళని తప్పుపట్టను, వాళ్ళకీ ఇల్లు గడవాలి. నేను మాత్రం వెతికినందుకే డబ్బులు తీసుకుంటాను. అప్పుడు అక్కర్లేని పార్టు మీకు అంటగట్టాల్సిన అవసరం నాకుండదు.

సెల్ఫ్ నీరసంగా తిరిగితే అందరూ ముందు బ్యాటరీ మీద పడతారు. బ్యాటరీ పాడవదని కాదు. కానీ ఈ బళ్ళలో ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి, ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ ఉండి తీరాలి. అది తుప్పు పట్టినా, ఇంజన్ దింపినవాళ్ళు మళ్ళీ బిగించడం మర్చిపోయినా, సెల్ఫ్ లాగే అంత కరెంటూ వేరే దారి వెతుక్కుంటుంది. ఒకాయన "చోక్ లాగుతుంటే చెయ్యి చురుక్కుమంటోందండీ" అన్నాడు. కరెంటంతా చోక్ కేబుల్ గుండా వెళ్తోంది! ఇంకొన్నాళ్ళు అలాగే వదిలేస్తే కేబుల్ మాడిపోయేది. మీటర్ ఉన్నవాళ్ళు ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒక కొస బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకోటి ఇంజన్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్తు బాగాలేదు. మోరిస్ మైనర్ ఉన్నవాళ్ళకి ఒక్క మాట: వాటికి పాజిటివే ఎర్తు. పక్క బండి నుంచి కేబుళ్ళు తగిలించే కుర్రాడికి ముందే చెప్పండి.

ఇక పెట్రోలు. 2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే వచ్చేసింది. మన బళ్ళలోని రబ్బరు దానికోసం చేసింది కాదు. పంపు డయాఫ్రం (లోపలి రబ్బరు పొర), గొట్టాలు, కార్బొరేటర్ వాషర్లు ఉబ్బడమో బిరుసెక్కడమో జరుగుతుంది. డయాఫ్రం చిల్లిపడితే పెట్రోలు ఇంజన్ ఆయిల్లోకి దిగుతుంది. ఆయిల్ చూసే డిప్ స్టిక్ తీసి వాసన చూడండి, పెట్రోలు కంపు కొడితే స్టార్ట్ చేయకుండా ఫోన్ చేయండి. ఇంకోటి, ఇథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. బండి వానాకాలమంతా కదలకుండా ఉంటే నీళ్ళు విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి, పంపు లాగేదీ అడుగు నుంచే. పైన కొత్త పెట్రోలు పోస్తే ఆ నీళ్ళు ఎక్కడికీ పోవు. ట్యాంకు దింపి కడగాల్సిందే.

పార్టుల గురించి అడుగుతున్నారు. బెంగాల్లోని ఉత్తరపారలో అంబాసిడర్ తయారీ ఆగింది 2014లో, పద్మినీ అంతకుముందే పోయింది. ఇప్పుడు బజార్లో దొరికే, డిస్ట్రిబ్యూటర్‌లో వేసే కండెన్సర్లు, రోటర్లలో సగం నాకు నమ్మకం లేదు. చల్లగా ఉన్నప్పుడు పనిచేసి, ఇంజన్ కాగాక చేతులెత్తేస్తున్నాయి. మీ పాత కండెన్సర్ బాగుంటే అదే ఉంచుతాను. అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ది. అదే కుటుంబం ఇంజన్ ఎంజీ స్పోర్ట్స్ కార్లలోనూ వచ్చింది కాబట్టి ఇంగ్లండులో కొన్ని పార్టులు ఇంకా దొరుకుతున్నాయి. అక్కడున్న మీ పిల్లలు సంక్రాంతికి వస్తుంటే ముందుగా చెప్పండి. డిస్ట్రిబ్యూటర్ మీద నంబరు ఫొటో పంపితే ఏది సరిపోతుందో చూసి చెబుతాను.

బండి పంపేముందు మూడు సంగతులు వాట్సాప్‌లో రాయండి: చివరిసారి ఎప్పుడు నడిచింది, ఆగినప్పుడు చల్లగా ఉందా వేడిగా ఉందా, తర్వాత ఎవరు ఏమేం మార్చారు. మూడోది దాచకండి, నేనేమీ అనుకోను. మార్చిన పాత పార్టులు పారేయకుండా సంచిలో వేసి డిక్కీలో పెట్టండి. వాటిలో బాగున్నవి చాలానే ఉంటాయి. విజయదశమి రోజు, మర్నాడు షెడ్డు సెలవు.