గట్టు తెగేలోపే పడవ దిగాలి: రవాణా శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ మంత్రి గారికి,

కోనసీమలో పి.గన్నవరం మండలం బూరుగులంక, అరిగెలవారిపేట, ఊడిమూడిలంక, జి.పెదపూడిలంకలకు రాకపోకల కోసం గోదావరి వశిష్ఠ పాయ మీద ఏటా తాత్కాలిక మట్టి గట్టు వేస్తారు. ఎర్రనీరు, అంటే కొత్త వరద నీరు వచ్చిందంటే అది పోతుంది. అడుగున పెట్టే తూములు పాయ ప్రవాహానికి చాలవు. నీరు ఎగువన ఎత్తుకుంటుంది, తూముల పక్కన సరిగా దిమ్మిస చేయని మట్టిలోంచి ఊట దారి చేసుకుంటుంది, దిగువన ఇసుక కోసుకుపోతుంది. నీరు మీదుగా పొర్లే వేళకు గట్టు లోపల సగం డొల్లే.

వంతెన అడగడం పాత మాట. వంతెన మీద బస్సు తిరిగేదాకా ఏం చేయాలన్నదే ఈ ఉత్తరం.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి వరద హెచ్చరిక. అప్పటికి దిగువకు వదిలేది దాదాపు 10 లక్షల క్యూసెక్కులు. గట్టు అంతకు ఎంతో ముందే తెగుతుంది. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే కూడా ముందే మునుగుతుంది. హెచ్చరిక ఎత్తేసినంత మాత్రాన పాయ ఇంకిపోదు, మళ్లీ గట్టు వేసేదాకా పడవే దిక్కు. అందుకని పడవ ఎప్పుడు నడపాలో ధవళేశ్వరం లెక్క చూసి కాదు, రేవులో కొలబద్ద పాతి తేల్చండి. గట్టు పైఅంచుకు రెండడుగుల కింద గీత గీయించండి. నీరు ఆ గీతను తాకిన రోజే పడవ దిగాలి.

రేవుకు రెండు ఇంజిన్ పడవలు కావాలి. గుర్రపుడెక్క ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే ఇంజిన్ ఆగేది నడి ఏట్లోనే. లంగరు, తాడు, గెడలు పడవలోనే ఉండాలి.

అసలు ప్రమాదం బరువుతో. అరటి గెలలు, బైకులు, బడిపిల్లలు ఒకే పడవ ఎక్కుతారు. పొద్దున్నే రావులపాలెం మార్కెట్‌కు చేరకపోతే గెలకు ధర రాదు కాబట్టి రైతు ఆగడు, పడవ నడిపే సరంగు కాదనలేడు. సరుకుకు వేరే పంటు (బల్లపరుపు పెద్ద పడవ) పెడితే తప్ప ఇది మారదు. ఎంత బరువు దాకా మునగవచ్చో చూపే లోడు గీత పడవ పక్కన, పిల్లల కొలతల్లో లైఫ్ జాకెట్లు తప్పనిసరి. 2018 జులై 14న పశువుల్లంక దగ్గర గౌతమి పాయలో పడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడింది. గల్లంతైనవారిలో విద్యార్థినులే ఎక్కువ.

నీరు తగ్గేకొద్దీ రేవు కిందికి జారుతుంది, మోకాలి లోతు ఒండ్రు మిగులుతుంది. నిండు గర్భిణిని అందులో ఎలా దించుతారు? డ్రమ్ముల మీద తేలే చెక్కదారి, రెండు ఒడ్లలోనూ స్ట్రెచర్ ఉండాలి.

నష్టం వచ్చినా పల్లెలకు బస్సు నడుపుతున్నారు, పిల్లలకు రాయితీ పాసు ఇస్తున్నారు. ఆ పాసు పడవలోనూ చెల్లాలి. ఏ రేవుకు ఏ పడవ, సరంగు ఎవరు, మొదటి పడవ ఎన్నింటికి, చివరిది ఎన్నింటికి అన్నది జూన్ 1లోగా పంచాయతీ గోడ మీద రాయించండి.

ఇట్లు,
లంక గ్రామాల రైతులు, సరంగులు