లెక్కలోకి రాని ఆటలు: స్టీమ్ స్టోర్ వారికి ఫిర్యాదు

వాల్వ్ కార్పొరేషన్ (స్టీమ్ స్టోర్) వారికి,
బెల్‌వ్యూ, వాషింగ్టన్ రాష్ట్రం, అమెరికా.

విషయం: కొత్త ఆటలకు ప్రొఫైల్ ఫీచర్లు ఆపి ఉంచే నిబంధన గురించి.

అయ్యా,

నేను కంప్యూటర్ ఆటలు తయారుచేసే మనిషిని కాను, మీ ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొని ఆడేవాడిని. ఒకరిద్దరు కలిసి ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు కూర్చుని కట్టిన చిన్న ఆటలంటే నాకు ప్రాణం. అలాంటి ఆటల విషయంలో మీరు 2018 నుంచి అమలు చేస్తున్న నిబంధన మీదే ఈ ఫిర్యాదు.

కొత్తగా వచ్చిన చిన్న ఆట పేజీ తెరిస్తే, కుడివైపు సింగిల్ ప్లేయర్, అచీవ్‌మెంట్స్ అని రాసి ఉండే చోటే ఇంకో గమనిక కనిపిస్తుంది. ఈ ఆట గురించి స్టీమ్ ఇంకా తెలుసుకుంటోందనో, ప్రొఫైల్ ఫీచర్లు పరిమితమనో ఉంటుంది. ఆ ఆట కొని ఆడితే అచీవ్‌మెంట్ (ఆటలో ఏదైనా సాధించినందుకు ఇచ్చే గుర్తింపు) వస్తుంది, స్క్రీన్ మూలన దాని బొమ్మ కూడా పైకి లేస్తుంది. కానీ ప్రొఫైల్‌లోని మొత్తం అచీవ్‌మెంట్లలో అది కలవదు. నలుగురికీ చూపించుకోవడానికి ప్రొఫైల్‌లో ఉండే షోకేస్‌లో పెట్టుకోవడానికి కుదరదు. మన దగ్గర ఎన్ని ఆటలున్నాయో చూపే అంకె కూడా పెరగదు. డబ్బు కట్టి కొన్న ఆటే, అయినా లెక్కలో లేదు. ఆట ఆడుతుంటే వచ్చే డిజిటల్ బొమ్మలు, అంటే ట్రేడింగ్ కార్డుల సంగతి సరేసరి, అవీ రావు.

ఈ నిబంధన ఊరికే రాలేదని తెలుసు. 2013లో మీరు ట్రేడింగ్ కార్డులు మొదలుపెట్టారు. వాటిని మీ మార్కెట్లో అమ్ముకోవచ్చు, ప్రతి అమ్మకంలో ఆట చేసినవాళ్లకూ వాటా వస్తుంది. దాంతో కొందరు నాసిరకం ఆట ఒకటి పెట్టి, ఆటను ఖాతాలో చేర్చుకునే కోడ్‌లను (కీలను) వేలకొద్దీ, మనుషులు కాక ప్రోగ్రాములు నడిపే బాట్ ఖాతాలకు పంచి, ఎవరూ ఆడకుండానే కార్డులు రాబట్టి అమ్ముకోవడం మొదలుపెట్టారు. నిజమైన మనుషులు కొని ఆడుతున్నారన్న నమ్మకం కుదిరాకే కార్డులు ఇస్తామని 2017లో మీరు దానికి అడ్డుకట్ట వేశారు. ఆ నమ్మకం కుదిరాక, అంతకుముందు ఆడినవాళ్లకు కూడా కార్డులు వచ్చేలా చేశారు. అది న్యాయమైన పని. దాని మీద నాకు ఏ పేచీ లేదు.

పేచీ అంతా 2018లో అదే షరతును అచీవ్‌మెంట్లకూ పెట్టడం దగ్గర. కార్డులాగా అచీవ్‌మెంట్‌ని మార్కెట్లో అమ్ముకోలేం, దానితో పైసా రాదు. ప్రొఫైల్ నింపుకునేవాళ్ల కోసం వేలకొద్దీ అచీవ్‌మెంట్లు కుమ్మరించిన ఆటలు వచ్చిన మాట నిజమే. అందుకే కదా, మీ నమ్మకం పొందని ఆటకు 100కి మించి అచీవ్‌మెంట్లు ఉండకూడదని పరిమితి పెట్టారు! ఆ పరిమితితోనే ఆ దందా చాలావరకు చప్పబడుతుంది. అది చాలదన్నట్టు మిగిలిన నూటినీ లెక్కలోంచి తీసేస్తే, నష్టపోయేది నిజాయితీగా కొని ఆడినవాళ్లే.

అంతకన్నా బాధ కలిగించేది, ఆ నమ్మకం ఎప్పుడు కుదురుతుందో ఎవరికీ చెప్పకపోవడం. అమ్మకాలు, ఆడేవాళ్ల సంఖ్య చూస్తారని తెలుసు గానీ, ఎంత అన్నది బయట పెట్టరు. మిగతా విషయాల్లో మీరు అంకెలతో సహా స్పష్టంగా చెప్తారు. స్టోర్‌లో పెట్టే ఒక్కో ఆటకు దాన్ని చేసినవాళ్లు 100 డాలర్లు కట్టాలి, అమ్మకాలు 1000 డాలర్లు దాటితే అది తిరిగి వస్తుంది. పది రివ్యూలు వస్తే ఆట మీద జనం మాట మొత్తంగా ఎలా ఉందో చూపిస్తారు. ఆట అమ్మకాలు కోటి డాలర్లు దాటితే మీ వాటా 30 శాతం నుంచి 25కి, అయిదు కోట్లు దాటితే 20కి తగ్గుతుందని 2018లోనే ప్రకటించారు. పెద్దవాళ్లకు తమ గీత ఎక్కడుందో ముందే తెలుసు. చిన్నవాళ్లు మాత్రం మొదటి కాపీ నుంచీ 30 శాతం ఇస్తూ, తమ గీత ఎక్కడుందో తెలియక టెన్షన్ పడుతూ కూర్చోవాలి.

గీత చెప్పేస్తే మోసగాళ్లు సరిగ్గా అంతవరకే అమ్మకాలు చూపించి దాటేస్తారు అనవచ్చు. ఆ భయం నిజమే. అందుకే సూత్రం మొత్తం బయట పెట్టమని నేను అడగడం లేదు. కానీ ఆటల్లో అన్నీ ఒక్క తీరుగా ఉండవు కదా. తెలుగులో మాత్రమే ఆడుకునే పదాల ఆట ఎవరైనా చేస్తే, అది ఎంత బాగున్నా దాన్ని ఆడేవాళ్లు తక్కువే ఉంటారు. తక్కువమంది ఆడినంత మాత్రాన అది నకిలీ ఆట అయిపోదు. జనం సంఖ్యే కొలబద్ద అయితే ఇలాంటి ఆట ఏళ్లు గడిచినా ఆ గమనిక కిందే ఉండిపోతుంది.

కాబట్టి నా కోరికలు ఇవి. కార్డుల నిబంధన నుంచి అచీవ్‌మెంట్ల నిబంధనను విడదీయండి. మీ స్టోర్‌లో డబ్బు కట్టి కొని, రిఫండ్ గడువు దాటాక కూడా ఆటను ఉంచుకున్నవాళ్లకు ఆ ఆటనూ దాని అచీవ్‌మెంట్లనూ లెక్కలో చేర్చండి. ఊరికే పంచిన కీలతో వచ్చినవాళ్లను పక్కన పెట్టినా ఫర్వాలేదు. ఆట చేసినవాళ్లకు వాళ్ల డెవలపర్ ఖాతాలోనైనా తమ ఆట ఎంత దూరంలో ఉందో, తక్కువైనది అమ్మకాలో, ఆడిన సమయమో చెప్పండి. ఏడాది గడిచినా గీత దాటని ఆటను ఒక మనిషి తెరిచి చూసి నిర్ణయించే దారి కూడా పెట్టండి.

వీటిలో దేనికైనా ఒప్పుకోలేకపోతే, ఎందుకు కుదరదో రాసి పంపమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ స్టోర్‌లో చిన్న ఆటలు కొనే ఒక వినియోగదారుడు,
హైదరాబాద్.